బెజవాడలో ఏళ్ళ తరబడి కారు నడిపాను, టెక్సస్‌లో టెస్టు పాసవలేకపోతున్నాను

డాలస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఆమెది విజయవాడ, వయసు 31. అమెరికా వెళ్ళకముందు రోజూ కారులో గుంటూరుకు ఉద్యోగానికి వెళ్ళి వచ్చేవారు. బెంజి సర్కిల్ రద్దీ, వారధి మీద లారీలు, మంగళగిరి దగ్గర రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు, అన్నీ ఆమెకు అలవాటే. వాళ్ళమ్మకు స్కూటీ నేర్పింది కూడా తనేనట. ఏడాదిన్నర క్రితం పాపను తీసుకుని భర్త దగ్గరికి వెళ్ళారు. ఆయన చాలా ఏళ్ళుగా అక్కడే ఉన్నారు. ఇండియాలో బైకు తప్ప నడపలేదు, కారు నేర్చుకున్నది అమెరికాలోనే.

ఇప్పుడు ఆమె దగ్గర లెర్నర్ లైసెన్సు ఉంది. రోడ్ టెస్టు రెండుసార్లు పోయింది. మొదటిసారి స్టాప్ సైన్ దగ్గర కారు పూర్తిగా ఆపలేదన్నారు. రెండోసారి సిగ్నల్ దగ్గర ఎడమకు తిరుగుతుంటే ఎదురుగా వచ్చే కారు బ్రేకు వేయాల్సి వచ్చింది. నేర్పేది భర్తే. పక్కన కూర్చుని ప్రతి మలుపులోనూ "ఇది బెజవాడ కాదు" అంటారు. ఒకరోజు స్నేహితుల ఇంట్లో, ఈమె ఇండికేటర్ వేయబోయి వైపర్లు వేసిన సంగతి అందరి ముందూ చెప్పి నవ్వించారు. "నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక బాత్రూంలో ఏడ్చాను. ఆ రోజు నుంచి స్టీరింగ్ ముట్టుకోలేదు" అని రాశారు. పాప ప్రీస్కూలు, సరుకులు, డాక్టరు, దేనికైనా ఆయన తీసుకెళ్ళాల్సిందే.

డిసెంబరులో ఇండియాలో తమ్ముడి పెళ్ళి. కారు అమ్మాయే నడుపుతుందని నాన్నగారు ధీమాగా ఉన్నారు. భర్త మాత్రం పాపను పెట్టుకుని అక్కడ నడపొద్దంటున్నారు, అక్కడ రూల్సే ఉండవంటున్నారు. "నేను నిజంగా పనికిరాని డ్రైవర్నా? ఆయన దగ్గర నేర్చుకోవడం మానేస్తే ఇంట్లో గొడవవుతుందా? ఇక్కడి పద్ధతి నేర్చుకుంటే అక్కడ నడపలేనేమో, అక్కడి అలవాటు పోకపోతే ఇక్కడ పాసవనేమో. ఏం చేయాలి?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. టెస్టు పోవడం ఒకటి. చేతులకు పట్టిన అలవాటు ఇంకొకటి. మీ వారి మాట తీరు మూడోది. మూడూ కలిసి మీ మనసులో "నాకు చేతకాదు" అనే ఒకే మాటగా గట్టిపడ్డాయి. ఆ మాట నిజం కాదు. అయితే మిమ్మల్ని ఓదార్చడానికి ఇంకో నిజాన్ని దాచను. రెండుసార్లూ మిమ్మల్ని ఫెయిల్ చేసినవాళ్ళు సరిగ్గానే చేశారు. మీకు నడపడం రాదని కాదు, అక్కడి రోడ్డు మీద ప్రాణం మీదికి తెచ్చే రెండు పనులు మీరు చేశారని.

బందరు రోడ్డు మీద కారు నడిపే మనిషి ఏం చేస్తుందో చూడండి. ఎడమ నుంచి ఆటో దూరుతుందని, ఆగిన బస్సు వెనక నుంచి ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారని, ముందున్న బైకు ఇండికేటర్ వేయకుండానే తిరుగుతుందని ముందే ఊహిస్తుంది. ఎవరూ రూలు పాటించరన్న లెక్కతోనే నడుపుతుంది. సందు కనిపిస్తే ముందుకు జరుగుతుంది, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తుంది, అవసరమైతే హారన్ కొడుతుంది. జంక్షన్‌లో ఎవరు ముందు వెళ్ళాలన్నది అక్కడికక్కడ, ఆ క్షణంలో తేలుతుంది. వేగం తక్కువ కాబట్టి ఇది చాలావరకు నడిచిపోతుంది. ఇది తక్కువ నైపుణ్యం కాదు. ఎదుటివాళ్ళ తప్పును ముందే పసిగట్టే ఈ చూపు కోసమే అమెరికాలో డిఫెన్సివ్ డ్రైవింగ్ అని ప్రత్యేకంగా కోర్సులు పెట్టి నేర్పుతారు. మీకది ఇప్పటికే ఉంది. దాన్ని వదులుకోకండి.

వదులుకోవాల్సింది జంక్షన్‌లో ఎవరు ముందన్న ఆ బేరం. టెక్సస్ రోడ్డు మీద ఎవరి వంతు ఎప్పుడన్నది మీరు జంక్షన్ చేరేలోపే తేలిపోయి ఉంటుంది. ఎదుటి డ్రైవరు మీ కళ్ళలోకి చూడడు, మీరు ఆగుతారనే నమ్మకంతో వేగం తగ్గించకుండా వస్తాడు. గంటకు 45 మైళ్ళు అంటే దాదాపు 72 కిలోమీటర్లు, సెకనుకు 20 మీటర్లు. మీరు "కాస్త ముక్కు ముందుకు పెడితే వాడే ఆగుతాడు" అని జరిగేసరికి అతను మీ డోరు దగ్గరికి వచ్చేసి ఉంటాడు. రెండో టెస్టులో జరిగింది ఇదే. మనకు కుడి మలుపు ఎలాంటిదో అక్కడ ఎడమ మలుపు అలాంటిది, ఎదురొచ్చే వరుసను దాటాలి. పచ్చ లైటు గుండ్రంగా ఉంటే మీరు తిరగవచ్చు గానీ, ఎదురుగా వచ్చేవాళ్ళంతా వెళ్ళాకే. పచ్చ బాణం ఉంటేనే దారి మీది. ముందుకు వచ్చి చక్రాలు నిటారుగా పెట్టుకుని ఆగి ఉండండి. నిటారుగా ఎందుకంటే, వెనక నుంచి ఎవరైనా గుద్దినా మీ కారు ఎదురొచ్చే వరుసలోకి పోకుండా ఉంటుంది. వెనకవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

స్టాప్ సైన్ సంగతి కూడా అంతే. రోడ్డు ఖాళీగా ఉన్నా, అర్ధరాత్రయినా చక్రాలు పూర్తిగా ఆగాలి. మనకు ఎడమకు తిరిగే దారిలో ఆగకుండా జారిపోయే అలవాటు ఉంది కదా, అదే మిమ్మల్ని ముంచింది. ఎర్ర లైటు దగ్గర కుడికి తిరిగేటప్పుడు కూడా ముందు పూర్తిగా ఆగి, ఎడమ నుంచి వచ్చేవాళ్ళనూ నడిచేవాళ్ళనూ చూసుకుని, అక్కడ తిరగొద్దని బోర్డు లేకపోతేనే కదలాలి. నాలుగు వైపులా స్టాప్ ఉన్నచోట ముందు వచ్చినవాళ్ళు ముందు. ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవాళ్ళది వంతు. మీ వంతు వచ్చాక మర్యాదకు చేయి ఊపి "మీరు వెళ్ళండి" అనకండి. మనకు అది పెద్దమనసు, అక్కడ మాత్రం మిగతా ముగ్గురినీ అయోమయంలో పడేస్తుంది.

వైపర్ల విషయానికి నవ్వాల్సిన పనే లేదు. మన దగ్గర చాలా కార్లలో ఇండికేటర్ మీట స్టీరింగ్‌కు కుడివైపు, వైపర్ మీట ఎడమవైపు ఉంటాయి. అమెరికా కార్లలో తలకిందులు. ఏళ్ళ తరబడి కుడిచేత్తో ఇండికేటర్ వేసినవాళ్ళు అక్కడ మొదట్లో వైపర్లు వేయడం చాలా మామూలు. కొన్నాళ్ళకు చెయ్యే సర్దుకుంటుంది. దానికన్నా మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. మన కారులో మీరు కుడివైపు కూర్చున్నారు, అక్కడ ఎడమవైపు. మీ ఒళ్ళు మాత్రం లేన్‌లో పాత చోటికే చేరాలని చూస్తుంది. అందుకని కారు కుడిపక్కకు, ఆగి ఉన్న కార్ల వైపుకో పేవ్‌మెంట్ వైపుకో జరుగుతూ ఉంటుంది. అప్పుడప్పుడు కుడి అద్దంలో గీత ఎంత దూరంలో ఉందో చూసుకోండి, వారం పది రోజుల్లో సరవుతుంది.

లైట్ల భాష కూడా వేరు. మన హైవే మీద ఎదుటివాడు హెడ్‌లైట్లు ఆర్పి వెలిగిస్తే "నేను వస్తున్నా, ఆగు" అని అర్థం. అమెరికాలో చాలాసార్లు అదే సైగ "మీరు వెళ్ళండి" అని. అక్కడ దాన్ని నమ్మి కదలొద్దు, ఇక్కడికొచ్చాక అసలే నమ్మొద్దు. హారన్ అయితే అక్కడ ప్రమాదం తప్పించడానికే. ఊరికే కొడితే తిట్టినట్టు తీసుకుంటారు.

స్కూలు బస్సు విషయంలో మాత్రం భయపడండి, ఆ భయం మంచిదే. ఎర్ర లైట్లు మెరుస్తూ బస్సు ఆగితే వెనకవాళ్ళతో పాటు ఎదురొచ్చేవాళ్ళు కూడా ఆగాలి. మధ్యలో డివైడర్ ఉంటేనే ఎదుటివాళ్ళకు మినహాయింపు. టెక్సస్‌లో మొదటిసారి తప్పుకే 500 నుంచి 1,250 డాలర్ల దాకా జరిమానా. మన దగ్గర ఇలాంటి అలవాటే లేదు కాబట్టి చేతులకు గుర్తుండదు, మనసుతో గుర్తుపెట్టుకోవాలి. అంబులెన్స్ సైరన్ వినపడితే కుడి అంచుకు జరిగి ఆగిపోవాలి. పోలీసు వెనక నుంచి లైట్లు వేస్తే కూడా కుడి అంచున ఆపి, కారులోనే కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టుకోవాలి. మన దగ్గర దిగి వెళ్ళి మాట్లాడటం మర్యాద. అక్కడ దిగితే అనుమానిస్తారు.

ఇక "ఇండియాలో రూల్సే ఉండవు" అన్న మాట. మీ వారు ఆందోళనతో అన్నారేమో గానీ, ఆ మాట సరికాదు. మోటారు వాహనాల చట్టం 1988 నుంచి ఉంది, 2019లో సవరించి జరిమానాలు బాగా పెంచారు. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయలు. తాగి నడిపే విషయంలో మన చట్టమే కఠినం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ మన హద్దు. టెక్సస్‌లో అది 0.08 శాతం, అంటే 80 మిల్లీగ్రాములు. జీబ్రా క్రాసింగ్ మీద నడిచేవాళ్ళకే ముందు దారి ఇవ్వాలని మన రూల్స్‌లోనూ ఉంది.

కానీ ఆయన భయాన్ని కొట్టిపారేయలేను. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అదే ఏడాది అమెరికాలో సుమారు 42 వేల మంది. జనాభా లెక్కన చూస్తే రెండు దేశాలూ దాదాపు దగ్గరగానే ఉంటాయి. అయితే అక్కడివాళ్ళు నడిపే దూరం మనకన్నా చాలా ఎక్కువ, కాబట్టి కిలోమీటరు లెక్కన చూస్తే అక్కడి రోడ్డే భద్రం. రూలు పుస్తకంలో ఉంటే చాలదు, పక్కవాడు పాటిస్తాడన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం మన రోడ్ల మీద లేదు. పాపను వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళే తండ్రికి ఆ భయం ఉండటం తప్పు కాదు. మీ ఇద్దరి మధ్యా ఉన్న తేడా ఇదే అనిపిస్తోంది. ఆయనకు రూలు ఉన్న రోడ్డు తెలుసు. మీకు రూలు చెడిన రోడ్డు తెలుసు. ఒకరికి తెలిసింది రెండోవాళ్ళకు తెలియదు. ఇందులో ఎక్కువ తక్కువలు లేవు.

ఇప్పుడు నేర్చుకోవడం సంగతి. ఆయన దగ్గరే కొనసాగడం ఒక దారి. ఖర్చు లేదు, మీ కారే, మీ వీలే. కానీ ఇప్పటిదాకా నడిచినట్టే నడిస్తే ప్రతి స్టాప్ సైన్ దగ్గరా మీరు రోడ్డును కాక ఆయన ముఖాన్ని చూస్తారు. భయంతో నడిపే మనిషి చేసే తప్పులు వేరు, అవి ప్రాక్టీసుతో పోవు. అందుకని ఈ దారి ఎంచుకుంటే కారు ఎక్కకముందే ఒక ఒప్పందం ఉండాలి. కారు కదులుతున్నప్పుడు ఆయన చెప్పేది ముందు రాబోయే దాని గురించే, "తర్వాతి సిగ్నల్లో ఎడమకు" అన్నంతవరకే. జరిగిపోయిన తప్పు గురించి కారు ఆపాక మాట్లాడుకోవాలి. బెజవాడ పేరు ఎత్తకూడదు. వారం రోజుల్లో ఈ ఒప్పందం నిలవకపోతే ఈ దారి మూసేయండి, పోట్లాడుతూ సాగదీయొద్దు.

రెండోది డ్రైవింగ్ స్కూలు. నేనైతే ముందు దీని గురించే ఆలోచించమంటాను. నేర్పేవాళ్ళ వైపు కూడా బ్రేకు ఉంటుంది కాబట్టి ఆ ఎడమ మలుపును మీరు పదే పదే, ప్రాణభయం లేకుండా సాధన చేయగలరు. వాళ్ళు మీ తప్పును తప్పుగానే చూస్తారు, మీ గుణంగా చూడరు. టెక్సస్‌లో ప్రభుత్వ అనుమతి ఉన్న కొన్ని స్కూళ్ళు రోడ్ టెస్టు కూడా అక్కడే పెడతాయి. చూసుకుని చేరితే టెస్టు రోజున టెన్షన్ కొంత తగ్గుతుంది. దీనికి డబ్బు అవుతుంది, పాపను ఆ గంట ఎవరో చూసుకోవాలి. "నా మీద నమ్మకం లేదా" అని మీ వారు నొచ్చుకునే అవకాశమూ ఉంది. ఆ నొప్పి నిజమే గానీ, బాత్రూంలో మీరు పడ్డ ఏడుపు కన్నా పెద్దది కాదు.

స్నేహితురాలి సాయం కూడా తీసుకోవచ్చు. లెర్నర్ పక్కన కూర్చునేవాళ్ళకు 21 ఏళ్ళు నిండి, లైసెన్సుతో కనీసం ఏడాది నడిపిన అనుభవం ఉండాలి. మీ సొంత కారులోనే సాధన చేయండి, మీ ఇన్సూరెన్సులో మీ పేరు ఉందో లేదో ముందే కనుక్కోండి. స్నేహితురాలి కారుకు ఏదైనా అయితే డబ్బుతో పాటు స్నేహమూ పోతుంది.

కొన్నాళ్ళు అన్నీ ఆపేస్తానంటారా, అదీ ఒక దారే. మనసు తేరుకోవడానికి వారం పది రోజులు ఆపండి, తప్పులేదు. నెలల తరబడి ఆపితే మాత్రం భయం పెరుగుతుంది గానీ తగ్గదు, ఇంట్లో మీరు ఆయన మీద ఆధారపడటం మామూలైపోతుంది. అధికారికంగా కూడా గడువులు ఉన్నాయి. ఒక దరఖాస్తు మీద 90 రోజుల్లో మూడుసార్లు టెస్టు ఇవ్వవచ్చు. టెస్టుకు ముందు చూడాల్సిన గంట వీడియో సర్టిఫికెట్ కూడా 90 రోజులే చెల్లుతుంది. గడువు దాటినా, మూడోసారి పోయినా మళ్ళీ దరఖాస్తు పెట్టి ఫీజు కట్టాలి, అంతే. ఎవరూ మిమ్మల్ని ఇక రావొద్దనరు.

స్నేహితుల ఇంట్లో జరిగిన దాని గురించి ఆయనతో మాట్లాడారా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. మీరూ నవ్వారు కాబట్టి ఆయనకు అది గాయమని తెలియకపోవచ్చు. కారులో కాదు, పాప పడుకున్నాక, ఇంట్లో కూర్చుని చెప్పండి. "మీరు సరదాకే అన్నారని తెలుసు. కానీ ఆ రోజు నుంచి నాకు కారు ఎక్కాలంటే వణుకు వస్తోంది. ఇకమీదట నా డ్రైవింగ్ గురించి నలుగురిలో మాట్లాడొద్దు" అని ఇంత సూటిగా. ఇది విని చాలామంది భర్తలు నిజంగానే బాధపడతారు, మారతారు. ఒకవేళ ఆయన నేర్పనూ నేర్పక, స్కూలుకూ వద్దని, ఇంకెవరితోనూ వెళ్ళొద్దని అంటే మాత్రం అది డ్రైవింగ్ సమస్య కాదు. మీరు బయటికి వెళ్ళడం మీద అదుపు. అప్పుడు నాకు మళ్ళీ రాయండి, లేదా అక్కడే కౌన్సెలర్‌తో మాట్లాడండి, ఒంటరిగా మోయొద్దు.

రెండు పద్ధతులూ ఒక మనిషి చేతిలో ఇముడుతాయా అని అడిగారు. ఇముడుతాయి. ఏటా ఎంతోమంది అటూ ఇటూ తిరుగుతూ రెండు చోట్లా నడుపుతున్నారు. మారిన మొదటి కొన్ని రోజులే ప్రమాదం, అది కూడా అలసటగా ఉన్నప్పుడు, ఖాళీ రోడ్డు మీదికి తిరిగేటప్పుడు. ఎదురుగా వాహనం లేనప్పుడే చెయ్యి పాత వైపుకు లాగుతుంది.

డిసెంబరు గురించి తొందరపడి మాట ఇవ్వకండి, నాన్నగారికైనా, మీ వారికైనా. అసలు నడపకపోవడం ఒక దారి. గొడవ ఉండదు గానీ మీ మనసులో ఒక ముల్లు మిగులుతుంది. పెళ్ళి రోజుల వరకు యాక్టింగ్ డ్రైవర్‌ను పెట్టుకోవడం ఇంకో దారి. చుట్టాల తాకిడి, నిద్రలేమి, అర్ధరాత్రి స్టేషనుకు పరుగులు, ఈ మూడూ ఉన్నప్పుడు మీరు నడపకపోవడమే మంచిదని నా నమ్మకం. పెళ్ళి హడావుడి తగ్గాక మీరు నడపండి. ముందు రెండు రోజులు నాన్నగారి పక్కన కూర్చుని రోడ్డు చూడండి, తర్వాత పొద్దున్నే ట్రాఫిక్ తక్కువున్నప్పుడు పాప లేకుండా ఒకసారి తీయండి. అమెరికా అలవాటు కొద్దీ జీబ్రా గీత దగ్గర ఠక్కున ఆపకండి. బ్రేకు మీద కాలు పెట్టేముందు అద్దంలో వెనక చూసుకోండి, మీరు ఆగుతారని వెనక బైకువాడు ఊహించడు. రాత్రి హైవే మీదికి వెళ్ళొద్దు. మీ వారు కూడా నడపాలనుకుంటే, ఆయనకు ఇక్కడ కారు లైసెన్సు లేదు కాబట్టి అక్కడి నుంచే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని రావాలి.

ఎవరు నడిపినా పాప కార్ సీటు మాత్రం తెచ్చుకోండి. టెక్సస్‌లో 8 ఏళ్ళ లోపు పిల్లలకు, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటితే తప్ప, అది తప్పనిసరి. 2019 సవరణ తర్వాత మన చట్టంలోనూ 14 ఏళ్ళ లోపు పిల్లలకు సీటు బెల్టో, పిల్లల సీటో ఉండాలి, లేకపోతే 1,000 రూపాయల జరిమానా. చుట్టాలు "ఎందుకీ గోల, ఒళ్ళో కూర్చోబెట్టుకో" అంటారు. సీటు వల్ల ఒక మనిషికి చోటు తగ్గిందని సణుగుతారు. ఆ ఒక్క విషయంలో మీరూ మీ వారూ ఒకే మాట మీద ఉంటామని ఇప్పుడే అనుకోండి. ఆయన భయానికి జవాబు సగం అందులోనే దొరుకుతుంది, మిగతా సగం మీరు నడపడం ఆయన పక్కన కూర్చుని చూశాక.